గోడవతలి సినిమా

పేర్లు పడుతున్నాయి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, చుట్టూ పూలతీగ, ఒక పేరు చెరిగిపోయి ఇంకొకటి, అది చెరిగిపోయి మరొకటి. సోఫా అంచున కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్న సుశీలమ్మకు ఇదే మొదటి ఆశ్చర్యం. వీణ మోగినంతసేపూ తెర మీద వచ్చేవి ఉత్త పేర్లేనా? డెబ్బై దాటిన ఈ వయసు దాకా అక్కడ ఒకామె కూర్చుని వీణ వాయిస్తూ ఉంటుందనే ఆమె అనుకుంది. నీలం చీర, వెడల్పాటి జరీ అంచు, పక్కన దీపం, సగం మూసిన కళ్లు, అన్నీ ఉన్నాయి ఆమె మనసులో. చిన్నప్పుడు గోడకు చెవి ఆనించి తానే కూర్చోబెట్టిన మనిషి. ఇప్పుడు చూస్తే ఆ మనిషీ లేదు, దీపమూ లేదు, చదివేలోపే జారిపోయే పేర్లున్నాయి. నవ్వొచ్చింది. అయినా వీణ మాత్రం మోగుతూనే ఉంది. టీవీలో మోగుతోందో లేదో ఆమెకు తెలిసే వీల్లేదు, కాని లోపల ఎక్కడో, చెవులకు కూడా వెనుక, ఒక్క తీగ తప్పకుండా మోగుతోంది. ఇదిగో ఇక్కడ కిందికి దిగుతుంది, ఇక్కడ ఆగుతుంది, ఇక్కడ మృదంగం అందుకుంటుంది. మృదంగం అందుకోగానే తెర మీద ఒక ఊరు వచ్చింది.

చెవి మిషను సెల్లు అయిపోయి చాలా రోజులైంది. మినపగింజంత ఉండే ఆ సెల్లు కోసం హరికిషన్ తిరగని మందుల దుకాణం లేదు. వాళ్లు ఎప్పుడూ కొనే దుకాణం హైదరాబాద్‌లో ఉంది, ఈ లాక్‌డౌన్‌లో హైదరాబాద్ కాదు కదా, పాత బస్టాండు దాకా పోవాలన్నా పొద్దున కూరగాయల టైములోనే పోవాలి, పోతే చౌరస్తాలో పోలీసులు ఆపి ఎందుకొచ్చినవని అడుగుతారు. సెల్లు కోసం వచ్చిన అంటే ఫోను సెల్లా అని అడిగారట. స్టీలు సామాన్ల దుకాణానికి తాళం వేసి ఇంట్లో కూర్చున్న కొడుకు ఆ ముచ్చట చేతులు తిప్పుతూ చెబితే అందరూ నవ్వారు, అందరూ నవ్వారు కదా అని ఆమె కూడా నవ్వింది. ఈ మధ్య అట్లాగే నవ్వుతోంది. అవతలివాళ్ల ముఖం చూసి, నవ్వితే నవ్వి, తలూపితే ఊపి. మొదట్లో అందరూ అరిచేవాళ్లు. అరిచి చెబితే అన్నం తిను అన్న మాట కూడా తిట్టినట్టే ఉంటుంది, చెప్పేవాళ్ల నుదురు ముడిపడుతుంది, మెడ నరాలు తేలతాయి, రెండోసారి అడగబుద్ధి కాదు. ఒకరోజు కోడలు వనజ పొయ్యి దగ్గరి నుంచి అరవడం మాని, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడి, ముఖంలో ముఖం పెట్టి మెల్లగా పెదవులు కదిపింది. అత్తమ్మా, చాయ్ తాగుతరా. ఆ మూడు మాటలూ ముత్యాల్లా కనపడ్డాయి. అప్పటినుంచి ఇంట్లో సుశీలమ్మకు వినపడే గొంతు వనజ ముఖమొక్కటే.

అన్నాలయ్యాక పాత సినిమాలు చూడటం ఈ ఇంట్లో లాక్‌డౌన్‌తో మొదలైన అలవాటు. పొద్దంతా ఏం చేయాలో తోచక హరికిషన్ చాప మీద అటూ ఇటూ దొర్లుతుంటే మనవరాలు కృతిక ఫోనును టీవీకి కలిపి ఏదో నలుపు తెలుపు సినిమా పెట్టింది. పిల్ల వెక్కిరించడానికి పెట్టిందే, కాని మూడోపాటకల్లా అదీ చూస్తూ కూర్చుంది. కిటికీలకు పరదాలు లాగి, కూలరులో నీళ్లు పోసి, ఎండ తగ్గేదాకా అందరూ ఆ గదిలోనే. సెల్లు ఉన్న రోజుల్లో సుశీలమ్మ విని చూసింది, సెల్లు పోయాక ఉత్తగా చూసింది. ఉత్తగా చూసే సినిమాలో మనుషులు ఊరికే నోళ్లు తెరుస్తారు, ఊరికే ఏడుస్తారు, ఎందుకో తెలియదు. నిన్న వనజ ముఖంలో ముఖం పెట్టి అడిగింది, అత్తమ్మా, మీ గోడవతలి సినిమా పేరేంది అని. పేరు చెప్పింది. ఎందుకు అడిగిందో అప్పుడు తోచలేదు. ఈరోజు అన్నం తింటుంటే కృతిక ఫోను చూపించి, దొరికింది అన్నట్టు బొటనవేలు పైకెత్తింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది సుశీలమ్మకు.

గోడ. ఎర్రమట్టి పూసిన, ఆరడుగులకు పైన ఇంకా పోయే గోడ. పెరట్లో నిలబడితే ఇవతల వాళ్ల ఇల్లు, అవతల రేకుల టాకీసు. గోడకు అవతలి పక్కనే తెర ఉండేదట, తెర వెనుకే సౌండు పెట్టె. మొదటాట మొదలయ్యే వేళకు అంట్లు తోమే వంకన అక్క బాలమణి పెరట్లోకి వచ్చేది, అక్క వెనుక తాను. నాయినకు గంజి మార్కెట్లో ధాన్యం అడ్తి దుకాణం. ఆయన రాత్రి అన్నానికి గాని రాడు. సినిమాలంటే ఆయనకు సరిపడదు, ఆడపిల్లలు టాకీసు గేటు దాటితే ఇంటి పరువు గేటు బయట ఉంటుందని ఆయన నమ్మకం. గోడకు చెవి పెట్టొద్దని మాత్రం చెప్పలేదు, అంత ఆలోచన ఆయనకు రాలేదు. అరచేయి ఆనిస్తే గోడ వణికేది. విలన్ మాట్లాడితే ఒకరకం, హీరోయిన్ మాట్లాడితే ఒకరకం, పాటకు ఒకరకం. ఆ సినిమా ఎన్ని వారాలు ఆడిందో, వానలు మొదలయ్యేటప్పుడు వచ్చి చలికాలం దాకా ఉంది. అప్పటికి అక్కాచెల్లెళ్లకు మొత్తం సినిమా నోటికొచ్చింది, ఒక్క మనిషి ముఖం తెలియకుండా. ముఖాలు వాళ్లే పంచారు. హీరోయిన్‌కు తన చిన్నమ్మ ముఖం ఇచ్చింది తాను. అక్క ఒప్పుకోలేదు, బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మ ముఖం ఇచ్చింది. ఒకే గొంతుకు రెండు ముఖాలు పెట్టుకుని పక్కపక్కనే కూర్చుని విన్నారు.

ఇప్పుడు వచ్చింది ఆమె. బావి దగ్గర బిందె దించి ఇటు తిరిగింది. చిన్నమ్మా కాదు, టీచరమ్మా కాదు. వెడల్పాటి నోరు, కొంచెం చదునైన ముక్కు, గడ్డం కింద చిన్న పుట్టుమచ్చ. ఎవరీమె, ఎందుకొచ్చింది ఇక్కడికి అన్నట్టు సుశీలమ్మకు చిరాకేసింది, పెళ్లిచూపుల్లో ఒకరిని చూపించి పీటల మీద ఇంకొకరిని కూర్చోబెట్టినట్టు. ఆమె నోరు తెరిచింది. తెరవగానే లోపలి గొంతు కదిలింది. బిందె నిండింది గాని మనసు నిండలేదు వదినా. పెదవులు సరిగ్గా ఆ మాట మీదే కలిసి విడిపోయాయి. సుశీలమ్మ ముందుకు వంగింది. ఇంకో మాట, ఇంకో మాట, ఒక్కో మాట వచ్చి ఆ వెడల్పాటి నోట్లో కూర్చుంటోంది, చిన్నమ్మ ముఖం మెల్లగా పక్కకు తప్పుకుంటోంది. పాపం చిన్నమ్మ. ఇన్నేళ్లు వేషం వేసి ఏమీ అడగకుండా వెళ్లిపోయింది.

విలన్ వచ్చినప్పుడు మాత్రం ఆపుకోలేకపోయింది. గోడ దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి, ఆ గొంతుకు భయపడి అక్క కొంగు పట్టుకున్న రోజులున్నాయి, తీరా చూస్తే బక్కగా, కళ్లద్దాలు పెట్టుకుని, అగ్గిపుల్లకు కోటు తొడిగినట్టున్నాడు. గిట్లుంటడా వీడు, అంది. పైకే అన్నట్టుంది, అందరూ తిరిగి చూశారు. ఎంత గట్టిగా అన్నదో ఆమెకు తెలియదు. ఈమధ్య తన గొంతు తనకే కొలత తెలియడం లేదు, అందుకే మాట్లాడటం తగ్గించింది, పూజ గదిలో మెల్లగా అనుకుంటున్నానని అనుకున్న మాటలు వీధి దాకా పోయాయని ఒకసారి కృతిక నవ్వుతూ చేతులతో చెప్పింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాని విలన్ నోరు తెరిచాడు, ఆ డైలాగు, నాయిన ఇంట్లో లేనప్పుడు అక్క మూతికి బొగ్గుతో మీసం గీసుకుని చెప్పే డైలాగు. కొంగు చాటునుంచే మాటలు బయటికి వచ్చేశాయి. వాడి పెదవులకంటే ముందే. ఆ తర్వాత హీరో మాట, దానికి ఆమె జవాబు. గొంతులు కూడా మారుతున్నాయి కాబోలు, చాప మీద పడుకున్న హరికిషన్ లేచి కూర్చున్నాడు.

టీవీ కింద పచ్చగీతలు కనిపించాయి. సౌండు తగ్గించినప్పుడు కనపడే గీతలు అవి. ఒక్కొక్కటే తగ్గి తగ్గి సున్నా అయ్యాయి. రిమోటు వనజ చేతిలో ఉంది. ఎందుకు తగ్గిస్తున్నవే, మీరు వినరా అని సుశీలమ్మ కంగారుపడింది. వనజ సోఫా మీదనే ఇటు తిరిగి, ముఖంలో ముఖం పెట్టింది.

"మీరే చెప్పున్రి అత్తమ్మా. మేం ఇంటం."

సిగ్గేసింది. అమ్మా చెప్పు అన్నట్టు కొడుకు తలూపాడు, పిల్ల వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. వీళ్లు ముగ్గురూ ఇప్పుడు ఆమెలాగే ఉన్నారు, బొమ్మ ఉంది, చప్పుడు లేదు. చప్పుడంతా తన దగ్గరే ఉంది. చెప్పింది. మొదట మెల్లగా, తర్వాత మెల్లగానో గట్టిగానో పట్టించుకోకుండా. పట్నం పోయి పెద్ద నటుణ్ని అవుతానని భార్యనూ చంటిబిడ్డనూ వదిలి హీరో బండెక్కడం, బండి వెనుక ఆమె నాలుగడుగులు నడిచి ఆగిపోవడం. నడిచిందా! అక్కాచెల్లెళ్లు పరిగెత్తిందనుకున్నారు. గజ్జెల చప్పుడు వినపడింది కదా. ఇప్పుడు చూస్తే ఆ గజ్జెలు ఎద్దులవి. కొన్ని మాటలు అక్క గొంతులో వచ్చాయి, అక్క ఎట్లా అనేదో అట్లా. అక్క ఉంటే హీరో మాటలన్నీ అక్కవే, పంపకం అది. ఇద్దరివీ తానే చెబుతుంటే ఒక్కతే చెమ్మచెక్క ఆడినట్టుంది.

అక్క. హుస్నాబాద్ ఎంత దూరం, బస్సెక్కి పల్లీలు తింటూ కూర్చుంటే అవి అయిపోయేలోపు వచ్చేది. ఇప్పుడు సముద్రం అవతల ఉన్నట్టుంది. లాక్‌డౌన్ పెట్టిన కొత్తలో ఒక పొద్దున హరికిషన్ వచ్చి అరవకుండా నిలబడ్డాడు. అరవడం లేదంటేనే అర్థమైంది ఏదో అయిందని. అక్క ఇంటాయన, భూమయ్య బావ. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు లేవలేదు. ఆమె సంచిలో రెండు చీరలు పెట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది, కొడుకు పాసు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాడు, ఇంతమందే ఉండాలి, బయటి ఊరివాళ్లు రావద్దు అన్నారు, పాసు వచ్చేటప్పటికి అక్కడ అంతా అయిపోయింది. ఫోనులో చూపించారు. అక్క గోడకు ఆనుకుని కూర్చుంది, భుజం మీద ఎవరిదో చెయ్యి, తన చెయ్యి కాదు. తన ఇంటాయన పోయినప్పుడు అక్క దినాలయ్యేదాకా ఇదే ఇంట్లో, ఇదే గదిలో, తన పక్కనే చాప వేసుకుని పడుకుంది, ఏమీ చెప్పలేదు, రాత్రి లేస్తే మంచినీళ్లు అందించేది. ఆ అక్కకు తాను ఫోను కూడా చేయలేదు. చేస్తే ఏం వినపడుతుంది? వనజ చేసి మాట్లాడి వచ్చి చెబుతుంది, పెద్దమ్మ బాగనే ఉందట అని. బాగనే ఉందట. ఆ మాట మీద ఎన్ని రోజులు నడిచాయో. వినపడదన్నది నిజమే, దానికి వెనుక ఇంకో నిజం ఉంది, వినపడినా ఏం అనాలో తెలియదు. యాభై ఏళ్లకు పైన కాపురం చేసిన మనిషి పోతే, చెల్లెలు ఫోనులో ఏ మాట అనాలి?

బావ మంచివాడు. హుస్నాబాద్‌లో విత్తనాల దుకాణం, వేళ్లకు ఎప్పుడూ పత్తిగింజల నూగు. ఏ పెళ్లిలో కలిసినా అక్కాచెల్లెళ్లు ఈ సినిమా గొడవ ఎత్తేవాళ్లు, బావ పంక్తిలో కూర్చుని అక్క పక్షమే మాట్లాడేవాడు. గొడవ ఏదో కాదు, ఈ సినిమా చివర ఒక చప్పుడు లేని చోటుంది. పట్నంలో చెడి, ఆరోగ్యం పోగొట్టుకుని హీరో ఇంటికి తిరిగొస్తాడు. తలుపు కొట్టిన చప్పుడు. ఎవరు అని ఆమె గొంతు. నేను అని అతని గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. పాట లేదు, మాట లేదు, వీణ లేదు. గోడ కూడా వణకడం మానేసేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. చాలాసేపటికి గిన్నె నేలమీద రాసుకున్నట్టు ఒక చప్పుడు. అంతే. అంతలో గోడవతల హాలు హాలంతా ఏడ్చేది, ముక్కులు ఎగబీల్చడం ఇవతలికి వినపడేది. ఏం జరుగుతుంది అక్కడ? సినిమా చూసొచ్చిన పక్కింటి పద్మమ్మను ఎన్నిసార్లు అడిగినా, అది చెప్పేది కాదు బిడ్డా, చూసేది అని కళ్లొత్తుకునేదే గాని చెప్పలేదు. చెంప మీద కొట్టి ఉంటది, చేతిలో గిన్నె కిందపడి ఉంటది అని అక్క. కాదు, వాడే కాళ్ల మీద పడి ఉంటడు, గిన్నె కాలికి తాకి ఉంటది అని తాను. అక్క పెళ్లయిపోయింది, తన పెళ్లయింది, టాకీసు పడగొట్టి కాంప్లెక్స్ కట్టారు, గొడవ మాత్రం ఉంది. ఒకసారి టీవీలో ఆ సినిమా వస్తే సరిగ్గా మొదలయ్యే వేళకే కరెంటు పోయింది. హరికిషన్ పెళ్లిలో కూడా, వియ్యాలవారి ముందర, బావ విస్తరి మీదినుంచి తలెత్తి, కొట్టింది సుశీలా, చెంప మీదనే కొట్టింది, నేను చెప్తున్న కదా అని అంత నమ్మకంగా అన్నాడు. పెళ్లాం మాటంటే ఎంత భక్తి ఈ మనిషికి అనుకుంది.

తెర మీద వాన. మాసిన గడ్డంతో హీరో వీధిలోకి వచ్చాడు. సుశీలమ్మ నోరు ఆగింది. వనజ ఇటు చూసింది. ఇక్కడినుంచి తన దగ్గర చప్పుడు లేదు, ఎప్పుడూ లేదు. తలుపు. అతను కొట్టాడు. ఎవరు, అంది సుశీలమ్మ. నేను, అంది సుశీలమ్మ. అంతే, ఇక తన మాటలు అయిపోయాయి.

తలుపు తీసింది ఆమె. వెడల్పాటి నోరు బిగుసుకుంది. చేయి లేస్తుందా? లేవలేదు. అతను కాళ్ల మీద పడతాడా? పడలేదు. ఆమె తలుపు తెరిచి ఉంచే వెనక్కి తిరిగి, లోపలి అరుగు మీద తాను ఇంతకుముందు కూర్చున్న చోటికే పోయి కూర్చుంది. ఎదురుగా కూతురు, జడ సగం అల్లి ఉంది. మిగిలిన సగం అల్లడం మొదలుపెట్టింది. అతను గడప దగ్గర నిలబడ్డాడు, బట్టల్లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె అల్లుతోంది. పాయ మీద పాయ, పాయ మీద పాయ. పిల్ల తల తిప్పి చూడబోతే మెల్లగా ముందుకు తిప్పింది. చివర రిబ్బను కట్టింది. పిల్లను పంపించింది. అప్పుడు, తలెత్తకుండానే, ఒళ్లో చేతులు పెట్టుకుని ఒక్క క్షణం కూర్చుని, అరుగు మీద కొంచెం పక్కకు జరిగింది. అంతే. జరిగిన చోట ఒక మనిషి కూర్చునేంత జాగా అయింది. ఆ జాగాలో నీళ్లచెంబు అడ్డముంది, దాన్ని వేలితో ఇటు లాగింది.

ఇదేనా? ఆ గిన్నె చప్పుడు ఇదేనా?

సుశీలమ్మకు ముందు ఏడుపు రాలేదు. ఎవరో తన వీపు మీదినుంచి చిన్నప్పటి మూట ఒకటి దించినట్టయింది. పదేళ్ల పిల్లకు ఇది ఎక్కడ తోస్తుంది, కొట్టడం తెలుసు, కాళ్ల మీద పడటం తెలుసు, పక్కకు జరగడం ఎక్కడ తెలుసు. దానికి ఎన్నేళ్ల కాపురం చేసి ఉండాలి. పద్మమ్మ చెప్పలేకపోయింది, నిజమే, ఏమని చెబుతుంది, పక్కకు జరిగింది అని చెప్పాలా? గోడవతల అంతమంది, బీడీలు చుట్టేవాళ్లు, గంజిలో బస్తాలు మోసేవాళ్లు, నాయిన దగ్గర గుమాస్తాలు, అందరూ ఒకామె పక్కకు జరిగిందని ఏడ్చారన్నమాట. అప్పుడు వచ్చాయి కళ్లనీళ్లు. పక్కకు చూస్తే హరికిషన్ కళ్లద్దాలు తీసి బనియన్‌తో తుడుచుకుంటున్నాడు. కృతిక ముక్కు ఎర్రగా ఉంది. ఇంతమందిలో ఒకరు లేరు. చూడవలసిన మనిషి, తనతో పందెం కట్టిన మనిషి, హుస్నాబాద్‌లో గోడకు ఆనుకుని కూర్చుంది.

వనజా, అక్కకు ఫోను చెయ్యి, ముఖం కనపడేది చెయ్యి, అంది. ఇప్పుడా అన్నట్టు హరికిషన్ చూశాడు, వనజ అప్పటికే చేసేసింది. చేశాక భయమేసింది. బొట్టు లేని నుదురు చూడాలి. అక్క నుదుటి మీద పావలా అంత బొట్టు, అది లేని అక్క ఎట్లా ఉంటుందో తెలియదు, ఫోను తిప్పేయమందామా అనుకునేలోపే తెర మీద అక్క వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు దువ్వలేదు. కాని బొట్టుంది. చిన్నది, స్టిక్కరుది, కొంచెం పక్కకు అంటించింది. తీసేయొద్దని కోడలు పట్టుబట్టిందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి ఆ వంకర బొట్టే చాలు. అక్కా అంది. బావ గురించి అనాలి. ఎన్ని రోజులుగానో కూడబెట్టుకున్న మాటలన్నీ వెతికింది, ఒక్కటీ దొరకలేదు. దొరికింది వేరే.

"కొట్టలేదే అక్కా," అంది సుశీలమ్మ. "చెంప మీద కొట్టలే."

అక్క ముఖం అట్లాగే ఉంది. అర్థం కాలేదేమోననుకుంది. మెల్లగా ఆ బోసినోరు ఒక పక్కకు జారింది, నవ్వడానికి ముందు అక్క నోరు ఎప్పుడూ అట్లాగే జారుతుంది. ఏదో అంది. ఒకే మాట. సుశీలమ్మ వనజ ముఖంలోకి చూసింది. తెలుసు అంటుంది అత్తమ్మా, పెద్దమ్మకు తెలుసట.

ఆ తర్వాత అక్క చెబుతూ పోయింది, వనజ ఆ మాటలను ముఖం మీద వేసి ఇటు చూపిస్తూ పోయింది. పెళ్లయిన కొత్తలో, పెద్దోడు ఇంకా చంటిబిడ్డగా ఉన్నప్పుడు, హుస్నాబాద్‌కు డేరా టాకీసు వచ్చిందట. మా గోడవతలి సినిమా అని అక్క ఒక్కసారి అంటే బావ దుకాణం మూసి తీసుకుపోయాడట. తీరా పోతే పిల్లాడు ఒకటే ఏడుపు. వాణ్ని భుజాన వేసుకుని సినిమా అంతా డేరా బయట తిరిగిందట, మళ్లీ ఉత్త వినడమే. చివరికి వచ్చేసరికి బావే లేచి బయటికొచ్చి, పిల్లాణ్ని లాక్కుని, నువ్వు పో, నువ్వు అనేది ఇప్పుడే వస్తది అని లోపలికి తోశాడట. ఆ ఒక్క ముక్క అక్క చూసింది. బావ చూడలేదు. పిల్లాణ్ని ఎత్తుకుని ఇంటికి నడుస్తూ, ఏమైందే, ఏమైందే అని దారంతా అడిగాడట. ఉడికించడానికి, చెంప మీద ఒక్కటిచ్చింది అని చెప్పిందట. ఆయన నడిచేవాడల్లా ఆగి, మంచిపని చేసింది అన్నాడట. అంత సంబరపడ్డ మనిషికి నిజం ఎప్పుడు చెప్పాలో తోచలేదట. తర్వాత ఇంట్లో అక్క గొంతు కొంచెం లేచిందంటే చాలట, సినిమాలో ఆమె లెక్క కొడుతవా ఏందే అని చెంప పట్టుకుని నిలబడేవాడట.

సుశీలమ్మకు హరికిషన్ పెళ్లి పంక్తి కళ్లముందు కనపడింది. కొట్టింది సుశీలా, నేను చెప్తున్న కదా. పెళ్లాం పక్షం మాట్లాడటం కాదు, మనిషి నిజంగానే నమ్మాడు. నమ్మే పోయాడు.

"మరి నాకన్నా చెప్పలేదానె ఇన్నేండ్లు? ఒట్టిగనే కొట్లాడినవా నాతోని?"

అక్క జవాబు చెప్పబోయింది. చెంప మీద చేయి పెట్టుకుని, బావ ఎట్లా నిలబడేవాడో చూపించబోయింది. చేయి చెంప మీదే ఉంది, నోరు వంకర పోయింది, భుజాలు ఊగడం మొదలైంది. నవ్వో ఏడుపో మొదట తెలియలేదు, ఆ తర్వాత తెలిసింది. ఇటు ఫోను పట్టుకున్న వనజ కూడా మాటలు అందించడం మానేసింది, అందించడానికి మాటలేమీ లేవు. సుశీలమ్మ ఏడవకే అనలేదు. ఊరుకోయే అక్కా అనలేదు. గాజు మీద అక్క ముఖం ఉన్న చోట బొటనవేలు పెడితే ఎక్కడ ఏ మీట నొక్కినట్టయి ఫోను తెగిపోతుందోనని చేయి కూడా వెనక్కి తీసుకుంది. ఊరికే కూర్చుంది. కూలరు గాలికి పరదా లేచి పడుతోంది, హరికిషన్ లేచి టీవీ ఆపేసి వంటింట్లోకి పోయాడు, కృతిక చార్జరు తెచ్చి ఫోనుకు గుచ్చి పోయింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. బొట్టు తడిసి ఇంకొంచెం పక్కకు పోయింది. అక్క, తాను చూసింది ఆ ఒక్క ముక్కేనని, ముందుదంతా డేరా బయటే గడిచిపోయిందని, జడ అల్లుతూ తల వంచుకున్న ఆమె ముఖం ఎట్లుందో, ఆ విలన్ ఎట్లున్నడో తనకు ఇప్పటికీ తెలియదని, చెప్పమని అడిగింది. వనజ ఆ మాట అందించగానే సుశీలమ్మ మొదలుపెట్టింది.

విలన్ అగ్గిపుల్లలా ఉన్నాడని చెప్పింది. టీచరమ్మ కాదని, చిన్నమ్మా కాదని, గడ్డం కింద పుట్టుమచ్చ ఉందని చెప్పింది. గజ్జెలు ఆమెవి కాదు ఎద్దులవని చెప్పింది. చెప్పేది ఎంతో ఉంది, ఫోను ఏ నిమిషాన ఆగిపోతుందో, అవతల ఎవరు పిలుస్తారోనని మాట మీద మాట పడుతోంది, బావి సీనుకు ముందే బండి సీను వచ్చేస్తోంది, మళ్లీ వెనక్కి పోయి అందుకోవలసి వస్తోంది. అక్క చేయి ఎత్తి ఆపమంది. వనజ ఏదో పని మీద అటు తిరిగి ఉంది. సుశీలమ్మ పిలవలేదు. ఫోను దగ్గరికి వంగి, పళ్లు లేని ఆ నోటినే చూసింది. పెదవులు మెల్లగా కదిలాయి, ఒక్కో మాటా తానే ఏరుకుంది.

"మెల్లగ చెప్పవే. మనమిప్పుడు ఎక్కడికి పోయేది లేదు."